అప్పు పుట్టకముందే ఫీజు పుట్టింది

"బావా, ఫైలు లీగల్‌లో పోయిందంట" అని మా బావమరిది ఫోన్ చేసింది పోయిన ఏడాది దసరా వెళ్లిన వారం. ఇందుకూరుపేట మండలంలో సముద్రం వైపు అతనికి మూడెకరాల రొయ్యల గుంట ఉంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం యాభై శాతానికి పెంచిన సంగతి మీకు తెలిసిందే. మన రొయ్యలకు పెద్ద అంగడి అదే. గుంటలో సరుకు ఉన్నవాళ్లు ఏ కౌంటుకు పట్టాలో తెలియక, పట్టినా ఆ రేటుకి మేత ఖర్చు రాక అల్లాడారు. మా వాడికి మేత డీలరు దగ్గర బాకీ, డీజిలు బాకీ, అంతకుముందు తెల్లమచ్చ వచ్చి ఒక కల్చరు పోయిన బాకీ అన్నీ కలిసి పద్దెనిమిది లక్షల దాకా ఉంది. నూటికి రెండు రూపాయల వడ్డీ. గుంట తాకట్టు పెట్టి ఒకేచోట అప్పు తీసుకుని ఇవన్నీ కొట్టేద్దామనుకున్నాడు. ఆలోచనలో తప్పు లేదు.

అప్పుడు వచ్చాడు బైకు మీద ఒక కుర్రాడు. మెడలో ఒక ఫైనాన్సు కంపెనీ కార్డు. "ఇరవై లక్షలు పదిహేను రోజుల్లో మీ ఖాతాలో పడతాయన్నా" అన్నాడు. మొదట లాగిన్ ఫీజు 5,900. తర్వాత లీగల్ ఒపీనియనుకు, వాల్యుయేషనుకు కలిపి 11,800. తర్వాత "పాలసీ ఒకటి తీసుకుంటే పైన మేనేజరు వెంటనే సంతకం పెడతాడు" అని జీవిత బీమా ప్రీమియం 32,000. ఆఖరున "ఫైలు కదిలేదానికి" అని పదిహేను వేలు, అది మాత్రం కంపెనీ ఖాతాకు కాదు, అతని సొంత ఫోను నంబరుకు. మొత్తం 64,700. ఈ డబ్బు మా చెల్లెమ్మ కుదువ పెట్టిన గాజుల మీద వచ్చింది. అంటే అప్పు తెచ్చుకోవడానికి ఇంకో అప్పు చేశారన్నమాట.

నలభై రోజుల తర్వాత వచ్చిన జవాబు: మూడెకరాల్లో రెండెకరాల సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉంది, అప్పు ఇవ్వం. ఫీజులు తిరిగి రావు.

నన్ను అడిగితే మోసం మొత్తం ఆ ఒక్క జవాబులోనే ఉంది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద ఏ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. సెల్లులో ఐదు నిమిషాల పని. ఊరూరా తిరిగి గుంటల మీద అప్పులిప్పించే మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను. తెలిసీ ముందు చూడలేదు. ఎందుకు చూస్తాడు? ముందే చూస్తే ఫీజు ఎక్కడ పుడుతుంది? అప్పు ఇస్తే వసూలు చేసుకునే తలనొప్పి ఉంది. అప్పు ఇవ్వకుండా ఫైలు తిరగ్గొట్టి ఫీజు మిగుల్చుకుంటే ఏ తలనొప్పీ లేదు.

మన కోస్తాలో ఈ వ్యాపారానికి నేల కూడా అనుకూలంగానే ఉంది. కావలి నుంచి కృష్ణపట్నం దాకా భూమి కాగితాలు శుభ్రంగా ఉన్న రైతు ఎంతమంది? డీకేటీ పట్టాలు, చుక్కల భూములు, అనాధీనం, మన జిల్లాకు ప్రత్యేకమైన సీజేఎఫ్ఎస్ భూములు. ఉమ్మడి వ్యవసాయ సహకార సంఘాల పేరుతో పేదలకు ఇచ్చిన ఆ భూముల్లో తాతలనాటి నుంచి సేద్యం చేస్తున్నా, రికార్డులో పేరు ఒకరిది, చేను ఇంకొకరిది. చుక్కల భూములకు విముక్తి అని 2023 మేలో మన కావలిలోనే సభ పెట్టి చెప్పారు. విముక్తి అయినవీ ఉన్నాయి, ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నవీ ఉన్నాయి. అసైన్డ్ భూమి సంగతి సరేసరి. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టంలో ప్రభుత్వానికి, సహకార సంఘాలకు, షెడ్యూల్డు బ్యాంకులకు తాకట్టు పెట్టుకునే మినహాయింపు ఉంది. ప్రైవేటు ఫైనాన్సుకు లేదు. అయినా డీకేటీ పట్టా చేతిలో పెట్టుకుని లాగిన్ ఫీజు తీసుకునే ఏజెంట్లు మన మండలాల్లో తిరుగుతూనే ఉన్నారు.

దీనికితోడు గుంటల రిజిస్ట్రేషను. సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన రొయ్యల చెరువుల తీర్పు తర్వాత 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. పోటు గీత నుంచి రెండు కిలోమీటర్ల లోపు గుంటలకు దాని రిజిస్ట్రేషను ఉండాలి. అది లేని గుంటకు బ్యాంకు మేనేజరు తల అడ్డంగా ఊపుతాడు. అక్కడ నుంచి బయటికొచ్చిన రైతును గేటు దగ్గరే పట్టుకుంటాడు ఏజెంటు. కౌలుకు గుంట చేసేవాళ్లకైతే తాకట్టు పెట్టేదానికి భూమే లేదు. వాళ్ల దగ్గర ఇల్లు, ఇంటి స్థలం అంకణాల లెక్కన తాకట్టు రాయించుకుంటున్నారు.

ఇక మా వాడి డబ్బు సంగతి. మొదట అందరూ చెప్పిన మాట ఒకటే: "పోయిన డబ్బు పోయింది, ఊరుకో." మా సంఘంలో కుర్రాళ్లు మాత్రం ఆఫీసు ముందు బైఠాయిద్దామన్నారు. నేను రెంటికీ ఒప్పుకోలేదు. ధర్నాకు నేను వ్యతిరేకిని కాదు, ముప్పై ఏళ్లుగా చేస్తూనే ఉన్నా. కానీ కాగితం లేకుండా ధర్నాకు పోతే మేనేజరు కాఫీ ఇచ్చి పంపిస్తాడు. ముందు కాగితం పోగేద్దాం అన్నాను.

ఒక సాయంత్రం కూర్చుని నాలుగు ఫీజుల్నీ విడివిడిగా పెట్టాం. ఇది ముఖ్యం. అన్నీ కలిపి "అరవై నాలుగు వేలు మోసపోయాం" అని రాస్తే ఎవరూ బాధ్యత తీసుకోరు. ఏ రూపాయి ఎవరి ఖాతాకు పోయిందో, ఏ తేదీన పోయిందో, దేని కోసమని చెప్పారో రాస్తే ఒక్కొక్క రూపాయికి ఒక్కొక్క దారి కనబడుతుంది.

అన్నిటికంటే తేలికైంది బీమా డబ్బు, మనవాళ్లు అందరికంటే ఎక్కువగా వదిలేసేది కూడా అదే. జీవిత బీమా పాలసీ చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల్లో "నాకు వద్దు" అని రాసిస్తే ప్రీమియం తిరిగి ఇవ్వాలి. కారణం ఏదైనా సరే. స్టాంపు ఖర్చు, గడిచిన రోజుల రిస్కు ప్రీమియం లాంటి చిన్న కోతలు మాత్రం ఉంటాయి. ఇది 2024లో బీమా నియంత్రణ సంస్థ పెట్టిన గడువు, అంతకుముందు మామూలు పాలసీకి 15 రోజులే ఉండేది. మా వాడి పాలసీ ఈమెయిలుకు వచ్చి ఇరవై రెండు రోజులైంది. మెయిలు చూసే అలవాటు లేక అది వచ్చినట్టే తెలియదు, ఇంటర్ చదివే పిల్ల వెతికి తీసింది. ఫైనాన్సు కంపెనీతో పని లేకుండా నేరుగా బీమా కంపెనీకే రాశాం. 31,240 రూపాయలు వచ్చాయి. ఇంకో తొమ్మిది రోజులు ఆలస్యమై ఉంటే ఆ డబ్బు కోసం ఏళ్లు పోరాడాల్సి వచ్చేది.

తర్వాత కంపెనీ ఖాతాకు పోయిన 17,700. ఇక్కడ రిజర్వు బ్యాంకు నియమాలు కొన్ని తెలుసుకోవాలి. ఎన్‌బీఎఫ్‌సీ అప్పు దరఖాస్తు తీసుకుంటే అందినట్టు రసీదు ఇవ్వాలి, ఎన్నాళ్లలో తేలుస్తారో అందులో చెప్పాలి. ఉత్తరప్రత్యుత్తరాలు అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. మన దగ్గర అంటే తెలుగులో. బ్యాంకులకైతే ఇంకో మాట కూడా ఉంది: అప్పు తిరస్కరిస్తే ఫీజులో ఎంత తిరిగిస్తారో దరఖాస్తు ఫారంలోనే రాయాలి. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ అప్పులకు, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు కేఎఫ్ఎస్ అనే ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని నియమం వచ్చింది. వడ్డీ ఎంత, ఫీజులన్నీ కలుపుకుంటే ఏడాదికి అసలు పడే రేటు ఎంత, లీగల్ ఫీజు ఎంత, బీమా ఎంత, అన్నీ ఒకే కాగితం మీద, మనకు తెలిసిన భాషలో ఉండాలి. అందులో లేని ఫీజును మన స్పష్టమైన సమ్మతి లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. లాయరుకు, వాల్యూయరుకు అని మన దగ్గర తీసుకున్న ప్రతి దానికీ రసీదు, సంబంధించిన కాగితాలు ఇవ్వాలి.

ఆ ఆఖరి వాక్యమే మాకు పనికొచ్చింది. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో తెలుగులోనే రాశాం. ఉత్తరం పెద్దది కాదు. ఫలానా తేదీన ఫలానా మొత్తం మీ ఖాతాకు కట్టాను, నకళ్లు జతచేశాను. నా దరఖాస్తు రసీదు నకలు ఇవ్వండి. తిరస్కరించిన కారణం రాతపూర్వకంగా ఇవ్వండి. లాయరు ఇచ్చిన ఒపీనియను, వాల్యూయరు రిపోర్టు, వాళ్లకు మీరు కట్టిన రసీదులు ఇవ్వండి. నిషేధిత జాబితా ఎవరైనా చూడగలిగినదే అయినప్పుడు ఫీజు కట్టించుకునే ముందు ఎందుకు చూడలేదో చెప్పండి. లేదంటే నా డబ్బు 30 రోజుల్లో వాపసు చేయండి. అంతే. తిట్లు లేవు, బెదిరింపు లేదు. నకలు సంఘం ఫైలులో పెట్టాం.

ముప్పై రోజులు గడిచాయి, జవాబు లేదు. అప్పుడు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టాం. 2021 నవంబరు 12న మొదలైన ఏకీకృత అంబుడ్స్‌మన్ పథకం ఇది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. రిజర్వు బ్యాంకు సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టవచ్చు, చండీగఢ్‌లోని వాళ్ల కేంద్రానికి పోస్టులో కూడా పంపవచ్చు. సందేహాలుంటే 14448కి ఫోన్ చేయవచ్చు. ముందు కంపెనీకి రాసి 30 రోజులు ఆగిన రుజువు లేకపోతే మాత్రం ఫిర్యాదు తిప్పి పంపిస్తారు. అదే విషయం కోర్టులో నడుస్తున్నా తీసుకోరు. కాబట్టి ఆవేశంలో ముందు కోర్టుకు పోకండి. అన్ని కంపెనీలూ ఈ పథకం కిందికి రావు. మరీ చిన్న ఎన్‌బీఎఫ్‌సీలు దీని బయట ఉంటాయి, హౌసింగ్ ఫైనాన్సు కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు రాయాలి. మీ కంపెనీ ఏ రకమో దాని రిజిస్ట్రేషను కాగితం మీద ఉంటుంది.

ఫిర్యాదు నంబరు పడిన మూడో వారంలో కంపెనీ నుంచి ఫోను. అంతవరకూ మా ఫోను ఎత్తనివాళ్లు "సార్, సార్" అన్నారు. వాల్యూయరు గుంట దగ్గరికి రానే లేదని తేలింది. ఫొటో ఏదీ అంటే చూపించలేకపోయారు. లాగిన్ ఫీజు 5,900, వాల్యుయేషను వాటా 5,900 తిరిగి వేశారు. లాయరు ఒపీనియను మాత్రం నిజంగానే రాసి ఉంది, రెండు పేజీలు. దాని డబ్బు ఇవ్వమన్నారు. నేను ఇంకా పోరాడదామన్నాను, మా వాడు "చాల్లే బావా" అన్నాడు. నాకిప్పటికీ అసంతృప్తే. ఆ రెండు పేజీల్లో మొదటి వాక్యం ఈ సర్వే నంబరు 22-ఏలో ఉంది అని. తెలిసిన సంగతి చెప్పడానికి 5,900.

ఏజెంటు ఫోనుకు పోయిన పదిహేను వేల గురించి కంపెనీ "మాకు సంబంధం లేదు" అంది. అది ఒప్పుకోకూడదు. పనిని బయటివాళ్లకు అప్పగించినంత మాత్రాన బాధ్యత పోదని, ఏజెంట్లు చేసిన దానికి కంపెనీయే జవాబుదారీ అని రిజర్వు బ్యాంకు నియమాలు చెబుతున్నాయి. ఆ మాట కంపెనీకి రాస్తూనే, ఫోను చెల్లింపు స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మాటలు పెట్టి పోలీసు స్టేషనులో అర్జీ ఇచ్చాం. మోసానికి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షను. పాత రోజుల్లో 420 అనేవాళ్లం కదా, అదే. అర్జీ ఇచ్చిన వారంలో కుర్రాడు పది వేలు తెచ్చిచ్చాడు. మిగిలిన ఐదు వేలు ఇంకా రాలేదు. వాడిది కూడా అల్లూరు పక్క ఊరే, తండ్రి రెండెకరాల రైతు. నెలకు ఇన్ని ఫైళ్లు తేకపోతే జీతం లేదన్నాడు. నాకు కోపం రావాల్సినంత రాలేదు. కానీ జాలితో బాకీ తీరదు.

మొత్తం మీద 64,700లో 53,040 వచ్చాయి. నాలుగు నెలలు పట్టింది.

అంబుడ్స్‌మన్ దగ్గర తేలకపోతే నెల్లూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. కంపెనీ ఆఫీసు చెన్నైలో ఉన్నా ముంబయిలో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు. "నువ్వు రొయ్యల వ్యాపారివి, వినియోగదారుడివి కాదు" అని అవతలి లాయరు అడ్డం వేస్తాడు. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం చేసే పని వ్యాపార ప్రయోజనం కిందికి రాదని చట్టంలోనే వివరణ ఉంది. మూడెకరాల రైతు ఆ మాట ఫిర్యాదులో మొదటే రాసుకోవాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పెట్టించుకునే దారి కూడా ఉంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయ పరిమితి లోపు వాళ్లకు అక్కడ లాయరును ఉచితంగా ఇస్తారు. నంబరు 15100.

ఫోనులో మాత్రమే ఉండే అప్పులవాళ్ల సంగతి ఎక్కువ రాయను. ముద్ర పథకం పేరుతో, ముద్ర వేసిన లెటర్‌ప్యాడ్‌తో, "రెండు వేలు కట్టండి, పది లక్షలు మంజూరు" అని వచ్చేవన్నీ నకిలీవని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పదేపదే చెబుతూనే ఉంది. డబ్బు పంపేసి ఉంటే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు అవతలి ఖాతా దాటేలోపు ఆపగలిగితేనే దక్కుతుంది. రేపు చేద్దాంలే అంటే లేదు.

నన్ను అసలు నిద్ర పోనివ్వని సంగతి ఇంకొకటి. విడవలూరు మండలం రైతు ఒకాయన పోయిన నెల సంఘం ఆఫీసుకు వచ్చాడు. పేరు రాయను. రెండున్నర ఎకరాల మాగాణి, సోమశిల నీళ్లు పారే కయ్యలు. కూతురి పెళ్లికి, ఎడగారు పెట్టుబడికి కలిపి ఎనిమిది లక్షలు కావాల్సి వచ్చి ఒక ప్రైవేటు ఫైనాన్సు మనిషి దగ్గరికి పోయాడు. ఆయన తాకట్టు రాయించుకోలేదు. "తాకట్టయితే స్టాంపులు, కోర్టులు, అదంతా ఎందుకు పెద్దాయనా, అమ్మకం కింద రిజిస్టరు చేసేయ్, డబ్బు కట్టినరోజు మళ్లీ నీ పేరుకు రాసేస్తా" అన్నాడు. మళ్లీ రాస్తానన్న మాటకు వేరే వంద రూపాయల కాగితం మీద అగ్రిమెంటు. డాక్యుమెంటు ఖర్చులు, మధ్యవర్తి కమీషను, మొదటి మూడు నెలల వడ్డీ ముందే పట్టుకుని చేతిలో పెట్టింది ఆరు లక్షల నలభై వేలు. ఇప్పుడు డబ్బు కడతానంటే అవతలివాడు దొరకడం లేదు. భూమి ధర ఎకరం ఎంత పలుకుతోందో మీకు తెలుసు.

ఈ మోసం ఎక్కడ దాగుందో చూడండి. తాకట్టు పెట్టినవాడికి డబ్బు కట్టి భూమి విడిపించుకునే హక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షనులో ఉంది. దావా వేయడానికి 30 ఏళ్ల గడువుంది. ఎంత బలమైన హక్కో ఆలోచించండి. కానీ అదే చట్టం 58(సి) సెక్షనులో, షరతుతో కూడిన అమ్మకాన్ని తాకట్టుగా చూడాలంటే ఆ షరతు అదే దస్తావేజులో ఉండాలి అని ఉంది. తిరిగి రాసిస్తానన్న మాట వేరే కాగితం మీద ఉంటే కోర్టు దాన్ని తాకట్టు అనదు. అమ్మకం, దాని వెనక ఒక అగ్రిమెంటు అంటుంది. అప్పుడు 30 ఏళ్లు పోయి మూడేళ్ల గడువు మిగులుతుంది. ఆ రెండో కాగితం రైతు మీద దయతో రాసింది కాదు. 58(సి) తెలిసినవాడు రాయించింది.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. దస్తావేజు పేరుకు అమ్మకమే గానీ ఇద్దరి ఉద్దేశం అమ్మకం కాదు, అప్పుకు హామీ మాత్రమే అని నోటి సాక్ష్యంతో రుజువు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు గంగాబాయి కేసులో 1981లో చెప్పింది. దానికి కావాల్సింది: భూమి ఇప్పటికీ మన స్వాధీనంలోనే ఉందని, పంట మనమే వేస్తున్నామని, నీటి తీరువా, కరెంటు బిల్లు మన పేరుతోనే కడుతున్నామని, వడ్డీ కట్టినట్టు బ్యాంకు ఖాతాలో కనబడుతుందని, రాసిన ధర మార్కెట్ ధరకు ఎంత తక్కువో చూపే కాగితాలు. విడవలూరు ఆయన వడ్డీ అంతా చేతిలోనే కట్టాడు. ఒక్కసారి మాత్రం కొడుకు హైదరాబాదు నుంచి ఫోనులో పంపాడు, పదహారు వేలు, "వడ్డీ" అని రాసి మరీ. లాయరు ఆ ఒక్క చెల్లింపు చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ ప్రోనోటు, ఖాళీ చెక్కు గురించి మళ్లీ చెప్పనక్కర్లేదనుకుంటాను, అయినా చెబుతా. స్టాంపు అంటించిన ఖాళీ నోటు మీద సంతకం చేసి ఇస్తే, దాన్ని నింపుకునే అధికారం అవతలివాడికి ఇచ్చినట్టే అని 1881 నాటి చట్టం 20వ సెక్షను. ఇచ్చేసినవాళ్లు కనీసం ఏ నంబరు చెక్కు, ఎవరికి, దేనికి ఇచ్చారో వాట్సాప్‌లో అవతలివాడికే ఒక మెసేజి పెట్టి ఉంచండి.

మన జిల్లాకు ఈ పోరాటం కొత్తది కాదు. నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నరోజుల్లోనే, 1938లో, వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం వచ్చి ప్రైవేటు బాకీలు తగ్గించింది. దానికి ముందు ఏళ్ల తరబడి రైతు సభలు జరిగాయి. 1928లో మొదలైన జమీన్ రైతు పత్రిక ఆ రోజుల్లో ఇక్కడి రైతుల గొంతే. ఆనాడు ఎదురుగా ఉన్నది షావుకారు, జమీందారు. పేరు, ఇల్లు తెలుసు. ఇప్పుడు ఎదురుగా ఉన్నది ఒక యాప్, ఒక డీఎస్ఏ, ఎక్కడో ఉన్న క్రెడిట్ మేనేజరు. తిట్టేదానికి కూడా మనిషి దొరకడు.

రిజర్వు బ్యాంకు నియమాలు ఉన్నాయి కదా, ఇంకేం కావాలి అని అడిగేవాళ్లున్నారు. 2024 ఏప్రిల్ 29న అదే రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులరు ఇచ్చింది: కొందరు డబ్బు చేతికి ఇవ్వకముందే, మంజూరైన రోజు నుంచో అగ్రిమెంటు రాసిన రోజు నుంచో వడ్డీ లెక్కేస్తున్నారని తనిఖీల్లో కనబడింది, అది తిరిగి ఇవ్వండి అని. అదే ఏడాది అక్టోబరులో అధిక వడ్డీలు వసూలు చేస్తున్నారని నాలుగు ఎన్‌బీఎఫ్‌సీలను కొత్త అప్పులు ఇవ్వకుండా ఆపింది. అంటే తప్పు జరుగుతోందని పైవాళ్లకూ తెలుసు. కానీ ఆ నియమం ఇందుకూరుపేట దాకా రావాలంటే ఎవరో ఒకరు రిజిస్టర్డ్ పోస్టు ఖర్చు పెట్టాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మంజూరు ఉత్తరం చేతికి రాకముందు ఏ ఫీజూ తీసుకోకూడదని నియమం రావాలి. తాకట్టు పెట్టే భూమి నిషేధిత జాబితాలో ఉందో లేదో చూసే బాధ్యత, ఖర్చు అప్పిచ్చేవాడివే కావాలి, ఎందుకంటే ఆ తనిఖీ వాడి భద్రత కోసమే. కొందరు మన సభ్యులే దీన్ని ఒప్పుకోరు. "ఫీజు లేకుండా చేస్తే అసలు మన ఊళ్లకే రారు" అంటారు. రాకపోతే రానీ. ఫీజు కోసం మాత్రమే వచ్చేవాడు రాకపోవడం వల్ల మనకు పోయేదేమిటి? కలెక్టరు అధ్యక్షతన జరిగే బ్యాంకర్ల జిల్లా సమావేశంలో బ్యాంకుల లెక్కలే మాట్లాడతారు. మన అప్పులు సగం బ్యాంకుల బయటే ఉన్నప్పుడు, ప్రైవేటు ఫైనాన్సు కంపెనీల ఏజెంట్ల పేర్లు, వాళ్లు వసూలు చేసే ఫీజుల పట్టిక అక్కడ పెట్టమని సంఘం అడగాలి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గోడ మీద ఒక పెద్ద బోర్డు రాయించాలి: అప్పుకు హామీగా అమ్మకం దస్తావేజు రాయకండి అని. ఆ ఆఫీసులో ఉన్న దస్తావేజు లేఖరులకే అది నచ్చదు. నచ్చకపోయినా రాయించాలి.

బ్యాంకులను కూడా వదలకూడదు. 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల దాకా వ్యవసాయ అప్పుకు తాకట్టు అడగకూడదు. కిసాన్ క్రెడిట్ కార్డు చేపల, రొయ్యల సాగుకూ వర్తిస్తుంది. అయినా గుంట పేరెత్తగానే "ఆస్తి కాగితాలు తెచ్చావా" అంటారు. తాకట్టు ఎందుకు అడుగుతున్నారో రాసివ్వమనండి, దరఖాస్తు తిరస్కరిస్తే కారణం కూడా కాగితం మీద అడగండి. ఒక్కరు అడిగితే విసుక్కుంటారు. ఒక బ్రాంచిలో వారంలో పదిమంది అడిగితే మేనేజరు పైకి రాసుకోవాల్సి వస్తుంది.

ఈ నెల నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం సంఘం ఆఫీసులో నేను, ఇంకో ఇద్దరం కూర్చుంటాం. ఎవరికైనా అప్పు రాకుండా ఫీజు పోయి ఉంటే, లేదా అప్పుకు అమ్మకం దస్తావేజు రాసిచ్చి ఉంటే రండి. వచ్చేటప్పుడు బ్యాంకు పాసుబుక్కు, ఫోను, ఈసీ, 1బి, పాలసీ ఏదైనా ఉంటే అది, ఏజెంటు ఇచ్చిన ప్రతి చిన్న చీటీ తెచ్చుకోండి. మెయిలు ఐడీ ఎవరిదో పెట్టి ఉంటే ఆ పిల్లనో పిల్లాడినో వెంట తీసుకురండి. ఏజెంటు మీ బంధువైతే అది కూడా చెప్పండి, మొగమాటపడకండి. మా ఇంట్లోనే అయింది కాబట్టి నాకు ఆశ్చర్యం ఉండదు.

విడవలూరు ఆయన కేసు నెల్లూరు కోర్టులో వేశాం. భూమి ఇంకెవరికీ అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు అడిగాం. వాయిదా వచ్చే నెల పదకొండున. ఈలోగా ఆయన కయ్యల్లో నారు పోశాడు.